గుర్రపు తోలు బూట్లూ, గోదావరి ముసురూ

“తాతయ్యా, బూట్లకి బూజు పట్టేసింది” అంటూ మనవడు వసారాలోంచి వచ్చి రెండు బూట్లూ నా ముక్కు దగ్గర పెట్టాడు. వాడికి షికాగోలో ఉద్యోగం. శ్రావణమాసంలో కొండమీద వ్రతం చేయించుకుందామని అన్నవరం వచ్చాడు. వచ్చిన దగ్గర్నించీ ఒకటే ముసురు. బూటు వంగే చోటా, అంచు కుట్టు వెంబడీ తెల్లటి పొడి తేలింది. మా ఇంటావిడ దూరం నుంచే తీర్పు చెప్పేసింది: “బూజే. పెరట్లో పారెయ్యండి.” వాడి మొహం పాలిపోయింది. వాటి ఖరీదు నాకు చెప్పాడు గాని, మామ్మకి చెప్పొద్దన్నాడు.

కళ్ళజోడు సర్దుకుని ముందు వాసన చూశాను. బూజుకి ముక్కవాసన ఉంటుంది. వీటికి మైనం వాసన తప్ప ఇంకోటి లేదు. తరవాత భూతద్దం తీశాను. బూజైతే సన్నటి దారాలు లేచి నూగుగా కనిపిస్తుంది, చుక్కలు చుక్కలుగా ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. ఇది పల్చగా, నున్నగా, తోలు మడతపడే చోటే పరుచుకుంది. మూడో పరీక్షకి కోడలి హెయిర్ డ్రయర్ అడిగి తెచ్చాను. జానెడు దూరంలో పట్టుకుని వెచ్చటి గాలి కొట్టేసరికి ఆ తెలుపంతా చూస్తుండగానే కరిగి తోల్లోకి ఇంకిపోయింది. బూజు కరగదు కదా. కరిగిందంటే అది కొవ్వు.

“నీ బూట్లకి జబ్బేమీ లేదురా, తిన్నది బయటికొచ్చింది అంతే” అన్నాను. “ఇంతకీ ఏం తోలిది?”

“గుర్రం.”

ఆ మాట వంటింట్లోకి వినపడింది. గుమ్మం దగ్గర గిన్నె చప్పుడయింది.

వాడి బూట్ల తోలుని షెల్ కార్డొవాన్ అంటారు. స్పెయిన్‌లో కోర్డోబా అని ఒక ఊరుంది, మధ్యయుగాల్లో తోలుపనికి పెట్టింది పేరు. ఆ ఊరి పేరే దీనికి వచ్చింది. గుర్రం ఒంటిమీద తోలంతా దీనికి పనికిరాదు. వెనక భాగంలో, తోక మొదలుకి రెండు పక్కలా, పైచర్మానికి అడుగున ఒక దట్టమైన పొర ఉంటుంది. కండరమని చాలామంది అనుకుంటారు గాని, అదీ చర్మంలో భాగమే. కొల్లాజెన్ పీచు కిక్కిరిసిన పొర. గుర్రానికి కోలగా ఉండే ముక్కలు రెండే వస్తాయి. తోలు కోసం గుర్రాన్ని చంపరు, దాని మాంసం తినే దేశాల్లో మిగిలిన చర్మమే ఇది. వాడుండే షికాగోలోనే హార్వీన్ అనే తోలు కార్ఖానా ఉంది, 1905లో పెట్టారు. పచ్చి చర్మం ఈ రూపానికి రావడానికి వాళ్ళకి ఆర్నెల్లు పడుతుంది. జపాన్‌లో హిమేజీ ఊళ్ళోనూ చేస్తారు. మొదట్లో ఇది బూట్లకి కాదు, మంగలికత్తి పదును సరిచేసుకునే పట్టీలకి వాడేవారు. సేఫ్టీ రేజర్లొచ్చి ఆ బేరం పడిపోయాక బూట్లవైపు మళ్ళారు.

ఆ సాయంత్రం వాన తెరిపిస్తే, బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి వాణ్ణి తీసుకెళ్ళాను. ఆయన బూటు అందుకుని బొటనవేలితో నొక్కాడు, వెలుతురుకి పక్కవాటంగా పట్టి చూశాడు. “గేదె కాదండి. ఆవూ కాదండి. ఆయ్, దీనికి అసలు రోమాల గుంటలే లేవండి” అన్నాడు. వేలు పెట్టి చూపించాల్సింది అదే, ఆయన ఒక్క చూపులో పట్టేశాడు. మామూలు తోలు పైభాగం చూడండి, వెంట్రుకలు మొలిచిన గుంటలు సన్నగా కనిపిస్తాయి. కార్డొవాన్‌లో ఆ పైపొర బయటికి రాదు. కనపడేది లోపలి దట్టపు పొర. అందుకే అద్దపు నునుపు, అందుకే దాని ముసలితనం కూడా వేరు.

ఆ దట్టపు పొరలో ఉండే కొల్లాజెన్ సంగతి తేల్చింది మన మద్రాసులోనే. 1954, 1955ల్లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ఇద్దరూ దాని కట్టడం ఎలా ఉంటుందో నేచర్ పత్రికలో ప్రకటించారు. మూడు గొలుసులు ఒకదాన్నొకటి చుట్టుకుని, మూడు పురులు వేసి పేనిన మోకులా ఉంటుందన్నారు. ప్రతి గొలుసులోనూ మూడో స్థానంలో తప్పకుండా గ్లైసిన్ అనే అణువు రావాలి. ఎందుకంటే పేనిన చోట లోపల బొత్తిగా ఇరుకు, అమైనో ఆమ్లాలన్నిటిలోకీ చిన్నదైన గ్లైసిన్ తప్ప ఇంకోటి అక్కడ పట్టదు. మన ఒంట్లో ఉన్న ప్రోటీన్‌లో ఇంచుమించు మూడోవంతు ఇదే. బూటులో ఉన్నదీ, దాన్ని తొడిగిన కాలి చర్మంలో ఉన్నదీ ఒకే పదార్థం.

పచ్చితోలుకీ, పదును చేసిన తోలుకీ తేడా చూడాలంటే షికాగో దాకా పోనక్కర్లేదు. ముహూర్తాల రోజుల్లో మా కొండ రత్నగిరి మీద పెళ్ళిమేళాలు వరసగా ఉంటాయి. డోలు వాయించే ఆయన మధ్యమధ్య వాద్యాన్ని ఎండకి పెడతాడు, చినుకు పడితే పంచె కప్పుతాడు. ఆ మూత పచ్చితోలు. గాలిలో తడి పీల్చిందంటే వదులై శ్రుతి దిగిపోతుంది, ఎండితే బిగుస్తుంది. కాకినాడ పక్కన మాధవపట్నంలో తోలుబొమ్మలు చేసేవాళ్ళున్నారు. వాళ్ళు వాడేదీ అంతే, రోమం తీసి, గీకి, సాగదీసి ఆరబెట్టిన చర్మం. నీరు పోయేసరికి పీచులు ఒకదాన్నొకటి అంటుకుపోతాయి, మధ్యలో గాలి ఉండదు, అందుకే వెలుతురు ఇవతలికి వస్తుంది. రంగులేసి దీపం ముందు పెడితే రావణాసురుడు మెరిసిపోతాడు. కాని దాన్నే నానబెట్టి నాలుగు రోజులు వదిలెయ్యండి, కుళ్ళి కంపు కొడుతుంది. సూక్ష్మజీవులకి అది మాంసంతో సమానమే.

కుళ్ళకుండా చేసేదే పదును పెట్టడం. మన పల్లెల్లో ఆ పని జరిగిన చోటు లంద. సున్నపు నీళ్ళలో నానబెట్టి రోమం ఊడదీసేవారు, తరవాత తంగేడు చెక్కా, కరక్కాయా దంచి వేసిన నీళ్ళలో వారాల తరబడి ఊరబెట్టేవారు. బతుకమ్మకి పువ్వులు కోసే ఆ తంగేడే. దాని బెరడులో టానిన్ ఉంటుంది. పచ్చి కరక్కాయ కొరికితే నాలుక పిడచకట్టుకుపోతుంది చూశారా, ఉమ్మిలో ఉన్న ప్రోటీన్లని టానిన్ పట్టేసుకోవడం వల్ల వచ్చే బాధ అది. లందలో అదే పని కొల్లాజెన్ మీద చేస్తుంది. మోకులకీ మోకులకీ మధ్య దూరి, రెంటినీ పట్టుకుని కూచుంటుంది. ఇక పీచులు ఒకదాన్నొకటి అంటుకోవు, సూక్ష్మజీవికి పన్ను దిగదు. పచ్చితోలు 60, 65 డిగ్రీల వేడినీళ్ళలో ముడుచుకుపోతుంది. చెట్టుచెక్కతో పదును చేసినది 75 నుంచి 85 దాకా ఆగుతుంది. క్రోమియం ఉప్పుతో చేసినది మరిగే నీళ్ళకీ జడవదు.

ఇంత రసాయనశాస్త్రం తెలిసినవాళ్ళని మన పెద్దలు ఊరి చివర ఉంచారు. మృదంగం మూత పూజగదిలోకి వస్తుంది, జింకచర్మం మీద కూచుని జపం చేసుకోవచ్చు, వాటిని చేసిన మనిషి మాత్రం గడప ఎక్కకూడదు. తోలుకి అంటని మైల చేతికెలా అంటిందో నాకు ఇప్పటికీ బోధపడలేదు. ఈ విద్యని ప్రయోగశాలలో గద్దెనెక్కించిన పెద్దమనిషి కూడా తెలుగువాడే. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు. కాశీలో చదివి, అమెరికాలో లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి, మద్రాసులో 1948లో పెట్టిన కేంద్ర తోలు పరిశోధన సంస్థకి 1958లో డైరెక్టరయ్యారు. తరవాత ఆ సంస్థకి పైనున్న సీఎస్ఐఆర్ మొత్తానికే పెద్దయ్యారు. 1985 జూన్ 23న ఐర్లండ్ దగ్గర సముద్రంలో కూలిన కనిష్క విమానంలో ఆయన ఉన్నారు.

తంగేడుకి కరక్కాయ ఎందుకు తోడు కావాలో చెబుతాను, ఇక్కడే బూట్ల ముసలితనం గుట్టు ఉంది. టానిన్లు రెండు జాతులు. తంగేడుది ఒకటి, కరక్కాయది రెండోది. ఒక్క తంగేడుతో పదును చేసిన తోలు వెలుతురు తగిలేకొద్దీ ఎర్రబడిపోతుంది. చివర్లో కరక్కాయ నీళ్ళలో ముంచితే ఆ ఎరుపు నెమ్మదిస్తుంది. షికాగో వాళ్ళు కార్డొవాన్‌కి వాడే చెట్లు క్వెబ్రాచో, చెస్ట్‌నట్. మొదటిది తంగేడు జాతి, రెండోది కరక్కాయ జాతి! భూగోళానికి అటూ ఇటూ ఉన్న పనివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూడకుండానే ఒకే జత కూర్చుకున్నారు. ఈ సంగతి చెప్పినప్పుడు మనవడు ఫోను జేబులో పెట్టేశాడు, అది చాలు నాకు.

పదును అయ్యాక కార్డొవాన్‌కి వేడి మీద కొవ్వులూ మైనాలూ పట్టిస్తారు, పీచుల మధ్య పట్టినంతా పట్టిస్తారు. తరవాత నొక్కి, గాజురాయితో రుద్ది మెరుపు తెస్తారు. ఆ లోపలి కొవ్వే నడిచినప్పుడల్లా కొద్దికొద్దిగా పైకి వస్తుంది. పైకి వచ్చిన దాంట్లో గట్టిరకం కొవ్వు గడ్డకట్టి తెల్లగా కనిపిస్తుంది. మనవడి బూట్ల మీద తేలింది అదే. గుడ్డతోనో బ్రష్షుతోనో రుద్దేస్తే మళ్ళీ తోల్లోకే పోతుంది. అందుకే కొన్ని నెలలు తొడిగిన జత కొత్తదాని కన్నా బాగా మెరుస్తుంది. నాలుగు రోజులకోసారి రంగు డబ్బా తెరిచేవాళ్ళకి ఈ మెరుపు రాదు, వాళ్ళు చూసేది డబ్బాలోని మైనాన్ని.

మామూలు ఆవుతోలు వంగిన చోట సన్నసన్న గీతలు పడి, పాతబడ్డాక పగుళ్ళు తేలతాయి. పైపొర పల్చన, లోపలి పొర వదులు. వంచినప్పుడు రెండూ ఒక్కటిగా కదలవు. కార్డొవాన్‌లో రెండు పొరలే లేవు. అంతా ఒకే దట్టం కాబట్టి గీత పడదు, అలలు అలలుగా లావుగా లేస్తుంది. వేళ్ళు వంగే చోట పడిన మొదటి అలలే చివరిదాకా ఉంటాయి. కొందరు కొత్త జత తొడిగిన రోజు పెన్సిలు అడ్డంగా పెట్టి నొక్కి, అల సరిగ్గా పడేటట్టు చూసుకుంటారు. అతి జాగ్రత్త అని నా ఉద్దేశం. కాలు ఎక్కడ వంగుతుందో కాలికి తెలుసు.

రంగు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. అద్దకం పైపైనే ఉంటుంది కాబట్టి అల శిఖరం మీద, బొటనవేలి దగ్గర ముందు వెలిసిపోతుంది. కార్డొవాన్‌లో ముదురు ద్రాక్షరంగుకి ‘కలర్ 8’ అని పేరు. నల్లగా కనపడేటంత ముదురుగా కొన్నది, ఏళ్ళు గడిచేసరికి ఎరుపు తేలి, ఇంకా గడిస్తే గోధుమవన్నెకి దిగుతుంది. అద్దకం వెయ్యని లేతరంగు తోలు మాత్రం దీనికి తలకిందులు: టానిన్ గాలికీ వెలుతురుకీ ముదిరి, తేనెరంగు మీదుగా నల్లబడుతుంది. ఒక కాలి బూటు కిటికీ వైపు, ఇంకో కాలిది గోడ వైపు పెట్టి నెల్లాళ్ళు వదిలేసినవాళ్ళకి రెండు రంగుల జత తయారవుతుంది. పెట్టినప్పుడల్లా రెండూ ఒకే వైపుకి పెట్టుకోవాలి.

మర్నాడు అనుకున్నంతా అయింది. కొండ దిగి వస్తుంటే వాన. వద్దంటే వినకుండా ఆ బూట్లే తొడిగి వెళ్ళాడు. ఇంటికొచ్చేసరికి చినుకు పడిన ప్రతిచోటా తోలు చిన్నచిన్న పొక్కులుగా లేచింది. “అమ్మవారు పోసింది” అని మా ఇంటావిడ నవ్వింది. దీనికి కారణం చెప్పాను గదా, ఆ నునుపు నొక్కి తెచ్చిన నునుపు. చినుకు ఇంకిన చోట అణిగి ఉన్న పీచులు ఉబ్బి లేస్తాయి. చుట్టుపక్కలది పొడిగానే ఉంటుంది కాబట్టి అక్కడొక్కటే పొక్కు.

పొక్కులు చూసి కంగారుపడి పొయ్యి దగ్గర పెట్టకూడదు. ఎండలోనూ పెట్టకూడదు. తడిసిన తోలు పొడితోలు కన్నా తక్కువ వేడికే ముడుచుకుంటుంది, ముడుచుకున్నది మళ్ళీ సాగదు. బూటులో పాత న్యూస్‌పేపరు కూరాము, తడిసినప్పుడల్లా మార్చాము. అడుగుకి గాలాడేటట్టు పక్కకి వాల్చి ఫ్యాను కింద పెట్టాము. రెండు రోజులకి పూర్తిగా ఆరింది. అప్పుడు స్టీలు చెంచా తీసుకుని, దాని వెనకభాగంతో, ఒక్కో పొక్కు మీదా గట్టిగా నొక్కి గుండ్రంగా రుద్దాను. నొక్కేటప్పుడు వేలికి వెచ్చదనం తెలుస్తుంది. ఆ వెచ్చదనానికి కొవ్వు మెత్తబడుతుంది, ఒత్తిడికి పీచు అణుగుతుంది. పరాయిదేశపు దుకాణాల్లో ఈ పనికి జింక ఎముక అమ్ముతారు. ఉప్మా చెంచా కూడా అదే పని చేస్తుంది. రుద్దిన తరవాత గుర్రపు వెంట్రుకల బ్రష్షుతో పది నిమిషాలు కొట్టేసరికి పొక్కు ఎక్కడుందో వాడే వెతుక్కోవాల్సి వచ్చింది.

తోలుకి ఎంత నూనె పెడితే అంత మంచిదని మనవాళ్ళ నమ్మకం. కిర్రుచెప్పులకీ, నీళ్ళు తోడే మోట బానకీ ఆముదం పట్టించిన చెయ్యి మనది. అది తప్పని అనను. లందలో చేసిన గేదెతోలులో కొవ్వు తక్కువ, అరుగు మీద ఎండకి ఎండి కరకరలాడేది. ఆముదం ఎండిపోయే నూనె కాదు, ఏళ్ళ తరబడి జిడ్డుగానే ఉండి పీచుని జారనిస్తుంది. అవిసెనూనె పెడితే గాలికి గట్టిపడి తోలుని అట్టముక్క చేస్తుంది. కొబ్బరినూనె 24 డిగ్రీలకే గడ్డకడుతుంది, ఏసీ గదిలో పెడితే మళ్ళీ తెల్లపొడి తేలుతుంది, మళ్ళీ బూజని గోల. కార్డొవాన్ సంగతి వేరు. పట్టినంత కొవ్వు తాగి వచ్చిన తోలది. దానికి మళ్ళీ ఆముదం పట్టిస్తే నల్లబడి, వదులై, దుమ్మంతా పట్టుకుని బంకగా తయారవుతుంది. తొడిగిన రోజు బ్రష్షు, అప్పుడప్పుడు తడిపి గట్టిగా పిండిన గుడ్డ. పొడిబారినట్టు కనిపిస్తే, ఏడాదిలో ఏ రెండుమూడుసార్లో, గోరంత క్రీము. అంతకన్నా చెయ్యకపోవడమే దానికి సేవ.

మన ప్రాంతంలో తోలుకి అసలు శత్రువు గాలిలో తడి. సముద్రం ఎంతో దూరం లేదు, కొండ కింద పంపా జలాశయం. తోలు తన బరువులో పన్నెండు నుంచి పదహారు శాతం దాకా నీటిని ఎప్పుడూ దాచుకునే ఉంటుంది, అది ఉంటేనే మెత్తదనం. కాని గాలిలో తేమ 70 శాతం దాటి రోజుల తరబడి అలాగే ఉంటే బూజు విత్తనం మొలకెత్తుతుంది. మనం చేసే పొరపాటేమిటంటే, పదిలంగా ఉంటుందని ప్లాస్టిక్ సంచీలో చుట్టి బీరువా అడుగున తోసేస్తాం. లోపలి చెమట తడి బయటికి పోదు, చీకటి, వెచ్చదనం. బూజుకి ఇంతకన్నా మంచి ఇల్లు మనం కట్టినా రాదు. నూలుగుడ్డ సంచీలో వేసి, గాలి తగిలే అలమరలో పై అరలో పెట్టండి. కాలికి చెమట ఎక్కువ పట్టేవాళ్ళు ఒక రోజు తొడిగి ఒక రోజు మానాలి. లోపల చెక్క అచ్చు పెడితే ఆకారం నిలుస్తుంది, తడీ పీల్చుకుంటుంది.

నిజంగానే బూజు పడితే మాత్రం ఇంట్లో దులపకండి, విత్తనాలు పక్క జత మీద పడతాయి. పెరట్లో బ్రష్షు కొట్టి, వెనిగరూ నీళ్ళూ సమంగా కలిపి, అందులో ముంచి పిండిన గుడ్డతో తుడిచి నీడలో ఆరనివ్వండి. ముందు నాలిక కింద కనపడని చోట తుడిచి, రంగు దిగట్లేదని చూసుకోండి. ఆ బ్రష్షుని వేరేగా ఉంచండి.

ఇంకా ఒక్క సంగతి మిగిలింది, అడుగు. పైతోలు ఎన్నాళ్ళుంటే ఏం లాభం, అడుగు అరిగిపోతే? ఇలాంటి బూట్లకి పైతోలుకీ అడుగుకీ మధ్యన వెల్ట్ అని ఒక తోలుపట్టీ కుడతారు. అడుగుని ఆ పట్టీకే కుడతారు గాని పైతోలుకి కాదు. అందుకని పాత అడుగు కోసేసి కొత్తది వేసినా పైతోలుకి సూది తగలదు. ఇదంతా మనవడు బస్టాండు దగ్గర ఆయనకి చెప్పబోయాడు. ఆయన ఆరె పక్కన పెట్టి, బూటు తిరగేసి, అంచు కుట్టు వెంబడి గోరు నడిపించాడు.

“ఇది అరగడానికి ఇంకా చాలా టైముందండి బాబూ. అరిగాక మాత్రం పట్టీ దాకా అరగనివ్వకండి, ముందే తెండి. కొట్టేవాడు మేకులు కొడతానంటే ఒప్పుకోకండి. పాత చిల్లుల్లోంచే కుట్టాలండి, కొత్త చిల్లులు పొడిస్తే పట్టీ చింపిన కాగితమే.”

“ఎంత తీసుకుంటావేంటి?” అన్నాను నేను.

“ఇంతటి తోలు మీద చెయ్యి పెట్టనిచ్చారు, అప్పుడు చూద్దాం లెండి” అన్నాడు. తరవాత మనవడి వైపు తిరిగి, ఆ అంచు పక్కన దుమ్ము పేరుకుందనీ, పళ్ళు తోముకునే పాత బ్రష్షుతో తీసుకోమనీ చెప్పాడు.